ఒక్క వరసనే చూసే లెన్సు

స్టూడియో నడిపినవాళ్ళకు రిటైర్మెంట్ ఫంక్షన్ ఉండదు. దండ వేసి, శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి సాగనంపేవాళ్ళు ఎవరూ ఉండరు. ఒక రోజు షట్టర్ దించుతాం, మర్నాడు ఎత్తం. అంతే. రాజమండ్రిలో నా షట్టర్ దిగి రెండేళ్ళు దాటింది. ఇప్పుడా గదిలో సెల్‌ఫోన్లకు అద్దాలు మారుస్తున్నారు. ఆ దారిన వెళ్ళినప్పుడు లోపలికి తొంగిచూస్తాను. ఫోటోలు ఆరేసే తాడు కోసం నేను కొట్టించిన మేకులు అలాగే ఉన్నాయి. వాటికి ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. పోనీలే, మేకులకైనా పని దొరికింది.

నేను పాత ఫిల్మ్ కెమెరాలతో పనిచేశానని తెలిసిన పిల్లలు నన్ను అడిగేది ఒకటే: "మేడమ్, ఆ వింటేజ్ లుక్ ఎలా తెచ్చేవారండీ?" వాళ్ళ ఫోన్లో ఒక బొత్తాం నొక్కితే ఫోటో పచ్చబడి, దాని మీద గీతలు పడి, మూలలు నల్లబడతాయి. ఆ గీతలు పడకుండా చూసుకోవడానికి మేము నడుములు విరగ్గొట్టుకున్నాం. వీళ్ళకేమో అవి ముద్దొస్తున్నాయి. లుక్కు సంగతి నాకు తెలియదు గానీ, ఒక పాత కెమెరాకు దానిది కాని లెన్సు తగిలించుకుని, కొవ్వూరు అవతల ఒక పల్లెలో చర్చి ముందు నేను నోరు మూసుకుని నిలబడాల్సి వచ్చిన రోజు ఒకటుంది. నన్నెరిగినవాళ్ళు ఇది నమ్మరు. అందుకే రాస్తున్నాను.

ఆ కెమెరా జర్మనీది. నా చేతికి వచ్చేసరికే ముసలిది. దాని సొంత లెన్సుకు బూజు పట్టింది. మన జిల్లాల్లో ఇది వింతేమీ కాదు. చుట్టూ కాలవలు, చేలల్లో నీళ్ళు. వర్షాకాలంలో గోడకూ చెమటే, అప్పడానికీ చెమటే, లెన్సుకూ చెమటే. తేమ తగలకుండా బియ్యం డబ్బాలో దాచమని మా అత్తగారు సలహా ఇచ్చారు. బి.ఎస్సీ. ఫిజిక్స్ చదివిన నేను బుద్ధిమంతురాలిలా తీసుకెళ్ళి అందులో పెట్టాను. బియ్యం తేమను పీల్చుకున్న మాట నిజమే. దాంతోపాటు తౌడు పొడి లెన్సు సందుల్లోకి చేరింది. బూజు ఆ తౌడు తిని ఇంకా ఏపుగా పెరిగింది. ఆ లెన్సుతో తీస్తే మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా మంచు కురుస్తున్నట్టు ఉండేది.

తరవాత ఒక రష్యా లెన్సు దొరికింది. అద్దం నిక్షేపంగా ఉంది. కాకపోతే వేరే కెమెరా కోసం పుట్టింది. దాని మర వేరు, మా కెమెరా మూతి వేరు. రెంటినీ కలపడానికి మధ్యలో ఒక రింగు కావాలి. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లకు షాఫ్టులు చేసే లేతు మేస్త్రి ఒకాయన ఉండేవాడు. కొలతలు ఇస్తే ఇత్తడి రింగు చేసిచ్చాడు. చూడ్డానికి వంకీలా ముద్దుగా ఉంది గానీ, అర మిల్లీమీటరు మందం ఎక్కువ. తగ్గించి ఇమ్మంటే, అర మిల్లీమీటరు తేడాతో తన షాఫ్టులు ఏళ్ళ తరబడి తిరుగుతున్నాయనీ, ఏ రొయ్యా ఇంతవరకూ ఫిర్యాదు చేయలేదనీ అన్నాడు. ఆయనతో పోట్లాడాను. నేను అందరితోనూ పోట్లాడతాను గనక ఆయన దాన్ని ప్రత్యేకంగా పట్టించుకోలేదు.

ఆ రింగుతో రెండు చిక్కులొచ్చాయి. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, తరవాతి కథంతా వీటి మీదే నడుస్తుంది. మొదటిది, మందం ఎక్కువైనందువల్ల నాలుగు బారల అవతల ఉన్నదేదీ ఆ లెన్సుకు స్పష్టంగా కనపడదు. రెండోది, లెన్సులో మన కంటిపాపలాంటి రెప్పలుంటాయి. అవి సన్నగా మూసుకుంటేనే దగ్గరివీ దూరంవీ కలిసి స్పష్టంగా వస్తాయి. ఈ లెన్సులో ఆ రెప్పలు మూసుకోవాలంటే వెనక ఉన్న చిన్న పిన్నును కెమెరా నొక్కాలి. మా ఇత్తడి రింగులో పిన్నును నొక్కే ఏర్పాటు లేదు. అంచేత ఆ కన్ను ఎప్పుడూ పూర్తిగా తెరుచుకునే ఉండేది. ఎంత దూరానికి గురిపెడితే అంత దూరంలో ఉన్న మనిషి మాత్రం స్పష్టం. ముందూ వెనకా అంతా మసక.

ఒంటరి మనిషిని తీస్తే మాత్రం ఆ లోపమే అందమైపోయింది. మొహం మీద ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టొచ్చు, వెనక గోడేమో వెన్నలా కరిగిపోయేది. పెళ్ళికూతుళ్ళు ఎగబడ్డారు. స్టూడియో ఆఖరి రోజుల్లో నాకు కాస్త పేరొచ్చిందంటే ఆ లెన్సు పుణ్యమే. నా దగ్గర పనిచేసే టచింగ్ మాస్టారు ఒక్కరికే అది నచ్చలేదు. ఆయన నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. నెగెటివ్ మీద పెన్సిలు ముల్లుతో మచ్చలు మాయం చేసే పనిలోనే జుట్టు తెల్లబడింది. "అది ఒక్క మనిషిని చూసే లెన్సమ్మా, గుంపును చూడలేదు," అనేవారు. నేను ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఆయన వక్కపొడి వేసుకునేవారు. వాదనలో నేనే గెలిచేదాన్ని.

ఒక మధ్యాహ్నం స్టూడియోకు ఇద్దరొచ్చారు. ఒకాయన కొవ్వూరు అవతల ఆ పల్లె చర్చికి సెక్రటరీ. యాభై దాటినవాడు, రొయ్యల మేత వ్యాపారం, జేబులో రెండు ఫోన్లు. వెంట తెల్లచీర కట్టుకున్న ముసలావిడ. శుక్లాల ఆపరేషన్ అయ్యాక కళ్ళు చూపించుకోవడానికి రాజమండ్రి రావాలంటే, తన కారులోనే తీసుకొచ్చానన్నాడు. ఆయన ఆవిణ్ణి పెద్దమ్మా అంటున్నాడు. ఆవిడ మాత్రం సెక్రటరీగోరండీ అనే పిలుస్తోంది.

ఆయన బల్ల మీద ఒక పాత ఫోటో పెట్టాడు. యాభై ఏళ్ళ కిందట చర్చి కట్టడం పూర్తయిన రోజున తీయించిన గ్రూపు ఫోటో అది. ముందు కుర్చీల్లో పెద్దలు, మధ్యలో కొందరు, వెనక బల్ల ఎక్కి నిలబడ్డ ఆడవాళ్ళు. కుర్చీల్లో ఉన్నవాళ్ళ చొక్కా గుండీలు కూడా తెలుస్తున్నాయి. వెనకున్న ఆడవాళ్ళు మాత్రం తడిచెయ్యి పెట్టి తుడిచేసినట్టు తెల్లటి మరకల్లా ఉన్నారు.

ఆ ఆడవాళ్ళెవరో ముసలావిడ చెప్పింది. ఆ చర్చి కప్పు పిడికెడు బియ్యంతో లేచిందట. మాలపల్లెలో ప్రతి ఇంట్లోనూ ఆడది ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసేది. ఆదివారం ఉదయం ఈవిడ గంప పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ ముంతలు పోగుచేసేది. ఆ బియ్యం వేలం వేసిన డబ్బుతో పెంకులు కొన్నారు. కూలి దొరకని రోజుల్లో ఎసట్లో బియ్యం తగ్గినా ముంతలో పిడికెడు తగ్గలేదంది. బల్ల మీద నిలబడ్డవాళ్ళంతా ఆ ముంతల వాళ్ళే. అందులో తనూ ఒకతె.

సెక్రటరీ ఇంకో కాగితం తీశాడు. అదే ఫోటోను ఎవరో కుర్రాడు ఫోన్లో ఏదో యాప్‌లో పెట్టి శుభ్రం చేశాడట. వెనక వరసలో అందరికీ మొహాలొచ్చాయి. చక్కటి కనుబొమలు, తీరైన ముక్కులు, నవ్వులు. ముసలావిడ ఒక మొహం మీద వేలు పెట్టి, "ఈవిడెవరో బొంబాయావిడండి. మా వరసలో ఇన్ని పళ్ళు ఎవరికున్నాయండీ?" అంది. నాకు నవ్వాగలేదు. సెక్రటరీ నవ్వలేదు. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. యాభై ఏళ్ళ పండుగకు మళ్ళీ గ్రూపు ఫోటో తీయాలనీ, పాతదాని పక్కనే గోడకు కట్టాలనీ, అది ఫిల్మ్ మీదే కావాలనీ అన్నాడు. ఎదురుగా ఉన్నదాన్నే తీసుకోవాలి తప్ప సొంతంగా మొహాలు పుట్టించకూడదన్నాడు. ఈ రోజుల్లో ఇంత బుద్ధిగల ఖాతాదారుడు దొరకడం నా అదృష్టమని ఒప్పేసుకున్నాను.

ఆయన కారు తేవడానికి వెళ్ళినప్పుడు ముసలావిడ నా దగ్గరగా వచ్చింది.

"ఆపరేసన్ అయ్యాక నేను మొట్టమొదట ఎల్లి చూసింది ఆ పటాన్నేనండి," అంది. "ఇన్నాళ్ళూ నా కళ్ళే మసకనుకున్నానండి. కళ్ళు బాగయ్యాయి గానీ పటం బాగవలేదు. ఈసారి నా మొకం రావాలండమ్మాయిగోరూ. గోడెక్కేది ఇంకోసారి ఉండదు గదండీ నాకు."

వస్తుందన్నాను. అంత తేలిగ్గా ఎలా అన్నానో చెప్పాను గదా, అప్పటికి ఆ లెన్సు మీద నాకున్న నమ్మకం అలాంటిది. గ్రూపు ఫోటో అని తెలిసి మాస్టారు పాత మాటే మళ్ళీ అన్నారు. నేను పాత ఫిజిక్సే మళ్ళీ చెప్పాను.

పండుగ రోజు ఆరాధన ముగిశాక చర్చి ముందు వరసలు కట్టారు. మన గ్రూపు ఫోటోల్లో కుర్చీ అంటే ఏమిటో మీకు తెలుసు. కూర్చోడానికి కాదది. ఎవరెవరు ముందో ఎవరూ నోరు తెరిచి చెప్పరు, అయినా ఒక్కరూ పొరపాటు పడరు. మధ్యలో పాస్టరుగారు, అక్కడందరూ అయ్యగారంటారు. పక్కన అమ్మగారు, అటూ ఇటూ కమిటీ పెద్దలు. ఒక చివర సెక్రటరీ. రెండో చివర ప్రహరీగోడ కట్టించిన దాత. గోడ మీద పాలరాతి పలకలో ఆయన పేరు ఎంత పెద్దగా ఉందంటే, ఫోటో లేకపోయినా నష్టమేమీ లేదు. కుర్చీల వెనక టీచర్లూ గుమాస్తాలూ పాటల బృందమూ నిలబడ్డారు. వాళ్ళ వెనక బల్ల మీద ముంతల వాళ్ళు. అప్పటివాళ్ళలో మిగిలింది కొద్దిమందే. ముసలావిడ చెయ్యి పట్టి ఎవరో బల్ల ఎక్కించారు. కొంగు సర్దుకుని, గడ్డం ఎత్తి, నా కెమెరాలోకి తిన్నగా చూసింది.

కెమెరాకు కన్ను ఆనించి లెన్సు తిప్పాను. కుర్చీలు స్పష్టంగా వచ్చాయి, బల్ల మీదివాళ్ళు తెల్లటి మరకలయ్యారు. ఇంకొంచెం తిప్పాను. బల్ల స్పష్టమైంది, అయ్యగారి మొహం కరిగిపోయింది. నాలుగడుగులు వెనక్కి వేశాను. అందరూ కరిగిపోయారు. ముందుకొచ్చి, వరసల్ని ఇంకా దగ్గరగా జరగమన్నాను. జరిగారు. కుర్చీల్లో ఉన్నవాళ్ళ మెడ మీద వెనకవాళ్ళ ఊపిరి తగిలేంత దగ్గరగా జరిగారు. అయినా ఆ లెన్సు ఒక్క వరసకు మించి ఒప్పుకోలేదు. పాత ఫోటోలో ఏం జరిగిందో నాకప్పుడు తెలిసింది. ఆనాటి ఫోటోగ్రాఫరుకూ వెలుతురో లెన్సో ఏదో చాల్లేదు. ఒక్క వరసే వస్తుందనుకున్నప్పుడు ఆయన కుర్చీలను ఎంచుకున్నాడు.

బూజు లెన్సు రాజమండ్రిలో బియ్యం డబ్బాలో ఉంది. తెచ్చినా మంచు కురిపించడం తప్ప అది చేసేదేమీ లేదు. దాపరికం నాకు చేతకాదు. ఉన్న మాట చెప్పేశాను: ఈ లెన్సుకు ఒక్క వరసే కనపడుతుంది, మిగతావాళ్ళు మసగ్గా వస్తారు, తప్పు నాదే, ఏ వరస కావాలో మీరే చెప్పండి.

అయ్యగారు మెత్తని మనిషి. ఫోనుతో తీయించేద్దామా అన్నారు. అప్పటికే చుట్టూ పదిమంది ఫోన్లతో తీస్తూనే ఉన్నారు. సెక్రటరీ ఒప్పుకోలేదు. ఫిల్మే కావాలన్నాడు. దాత తేల్చేశాడు: ముందు వరస శుభ్రంగా వస్తే చాలు, వెనకవాళ్ళు ఉన్నారని ఎలాగూ తెలుస్తుంది. ఆయనకు చెప్పదగిన సమాధానాలు నా నోటిదాకా నాలుగు వచ్చాయి. తప్పు నాది గనక మింగాను. బదులుగా ఒక ఉపాయం చెప్పాను. బల్ల మీది ఆడవాళ్ళు దిగొచ్చి కుర్చీల ముందు చాప మీద కూర్చుంటే, కుర్చీల్లోవాళ్ళు కాస్త ముందుకు వంగితే, రెండు వరసలూ ఒకటే కింద లెక్క, వాళ్ళవీ వీళ్ళవీ మొహాలన్నీ వస్తాయి. నా ఉపాయానికి నేనే మురిసిపోయాను. ఎవరో పరిగెత్తుకెళ్ళి చాప తెచ్చి పరిచారు కూడా.

ఒకరిద్దరు ఆడవాళ్ళు దిగబోయారు. ముసలావిడ కదల్లేదు.

"నేల మీద కూకోనండి," అంది.

అంత మెల్లగా అంది గనక ముందు ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అంది. సెక్రటరీ కుర్చీలోంచి వెనక్కి తిరిగాడు.

"పెద్దమ్మా, ఒక్క నిమిషమే గదా. నీ మొహం రావాలన్నావంట గదా?"

"రావాలనే అన్నాను. నేల మీద కూకుని రావాలన్లేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. చాప మాట అన్నది నేను. ఆవిడ ఇన్నేళ్ళూ ఎవరెవరి ఇళ్ళ ముందు, ఎవరెవరి అరుగుల కింద నేల మీద కూర్చుందో అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. నాకు కుర్చీ, చాప, బల్ల అన్నీ దూరాలే.

సెక్రటరీ ఇంకేదో నచ్చజెప్పబోయాడు. ఆవిడ ఆపింది. అంతవరకూ గోరండీ అని పిలిచిన మనిషి, గొంతు మార్చింది.

"ఒరే అబ్బాయ్, ఆ పాత పటంలో మీ అమ్మ ఎక్కడుందో నీకు తెలుసా?"

"తెలీదు పెద్దమ్మా," అన్నాడు. "అందుకే గదా ఆ యాప్‌లో పెట్టించింది. అమ్మది ఇంకో ఫోటో లేదు మాకు."

"నా పక్కనే ఉంది. తల ఎడం పక్కకి వాల్చి ఉంటది, చూడు. చంకలో నువ్వున్నావు. ఏడుపు లంకించుకుంటే నిన్ను ఊరుకోబెడతా వంగింది. ఆ రోజూ ఇలాగే చాపేశారు. ముందుకొచ్చి కూకోండి, మొకాలు బాగా వత్తాయన్నారు. మీ అమ్మే వద్దంది. మన బియ్యంతో కట్టిన గుడి ముందు నేల మీదేంటే, నిలబడే ఉందాం అంది. నిలబడ్డాం."

చుట్టూ ఫోన్లు పట్టుకున్నవాళ్ళు కూడా చేతులు దించారు. సెక్రటరీ లేచాడు. వెనక్కి వెళ్ళి ముసలావిడ చెయ్యి పట్టుకుని బల్ల దింపాడు. తన కుర్చీ దగ్గరకు నడిపించుకొచ్చి, జేబురుమాలుతో కుర్చీని ఒకసారి తుడిచాడు. ఆవిడ కూర్చుంది, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి. ఆయన బల్ల ఎక్కి, ఆవిడ నిలబడ్డ చోటుకు పక్కన నిలబడ్డాడు.

అయ్యగారూ అమ్మగారూ లేచారు. వాళ్ళు లేచాక కమిటీ పెద్దలు లేవక తప్పలేదు. ఒకాయన సణుక్కుంటూ, ఒకాయన నిజంగా సంతోషంగా, ఒకాయన పక్కవాడు లేచాడో లేదో చూసి మరీ లేచారు. బల్ల మీది ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కుర్చీల్లో సర్దుకున్నారు. ఒకావిడ చెప్పులు విప్పి కూర్చోబోతే ముసలావిడ మోచేత్తో పొడిచింది. దాత మాత్రం లేవలేదు. మోకాలి నొప్పి అన్నాడు. ఆయన పేరు నేను చెప్పను, చెప్పనక్కర్లేదు కూడా. ఫోటోలో ఆ ముంతల ఆడవాళ్ళ మధ్య ఒకే ఒక్క మగమనిషి మహా స్పష్టంగా ఉంటాడు.

కుర్చీలకు గురిపెట్టి నొక్కాను. ఎవరికైనా మనసు మారేలోపు ఇంకో రెండు తీశాను.

అప్పుడు గోదావరికి వరద. కుళాయిలో ఎర్రనీళ్ళు వస్తున్నాయి. ఆ నీళ్ళతో కడిగితే ఫిల్మ్ మీద మట్టి నలుసులు ఉండిపోతాయి. అంచేత తాగే నీళ్ళ క్యాన్లు తెప్పించి ఫిల్మ్ కడిగాను. నాకోసం ఎప్పుడూ అంత మంచినీళ్ళు కొనుక్కోలేదు. నెగెటివ్‌ను వెలుతురుకు పెట్టి మాస్టారు చాలాసేపు చూశారు. "నేను ముందే చెప్పానా!" అనలేదు. అనాల్సింది, నేనైతే అనేదాన్ని. వెనకున్నవాళ్ళకు పెన్సిలుతో కాస్త ముక్కూ కళ్ళూ తేలుస్తానన్నారు. సెక్రటరీకి ఫోన్ చేసి అడిగాను.

"వద్దండి, ఉన్నదున్నట్టు ఉండనీండి," అన్నాడు.

ఫ్రేము కట్టించి నేనే తీసుకెళ్ళాను. చర్చి పక్కగదిలో పాతదాని పక్కన మేకు ముందే కొట్టి ఉంచారు. ముసలావిడను పిలిపించారు. ఆవిడ ఆ ఫోటోకు ఎంత దగ్గరగా వెళ్ళిందంటే అద్దం మీద ఆవిరి పట్టింది. కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. నేను పక్కనే నిలబడ్డాను. మాట నిలబెట్టుకున్న గర్వం కొంచెం ఉంది, ఎందుకు లేదనాలి.

"ముడతలన్నీ వచ్చేశాయి గదండీ," అంది.

"మొహం రావాలన్నావు గదా పెద్దమ్మా?" అన్నాను.

"రావాలన్నాను గానండీ, మొత్తం రావాలన్నానా?" అంది.

ఈ వాదనలో ఆవిడే గెలిచింది. నా వాదనల చరిత్రలో అలాంటివి ఎక్కువ లేవు.

ఆవిడ చూపు తన మొహం మీంచి మెల్లగా వెనక్కి, బల్ల మీద నిలబడ్డవాళ్ళ మీదికి వెళ్ళింది. అయ్యగారూ పెద్దలూ అందరూ తెల్లచొక్కాల మరకలు. ఒక మరక దగ్గర ఆగింది. పక్కనున్న పాత ఫోటోలో తను నిలబడ్డ చోటు వెతికింది. దాని పక్క మరక మీద ఒక వేలు పెట్టింది. రెండో చేతి వేలు కొత్తదాంట్లో సెక్రటరీ మీద పెట్టింది. అలా రెండు చేతులూ చాచి, రెండు ఫ్రేముల మధ్య నిలబడి, నన్ను చూడమంది.

నేను కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. మొహాలు లేవు. అయినా తెలుస్తోంది. ఆయన కూడా తల ఎడం పక్కకి వాల్చి నిలబడ్డాడు.